కంప్యూటర్ ఖాళీగా ఉన్నా నెట్ డేటా అయిపోతోందా? ఫార్మాట్‌కు ముందు ఇది చూడండి

అన్నా, రాత్రిపూట ఎవరూ వాడకపోయినా రౌటర్ లైటు కొట్టుకుంటోంది, టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు నెట్ లాగుతోంది, హ్యాక్ అయినట్టేనా, ఫార్మాట్ కొట్టించాలా అని అడిగారు. మహబూబ్‌నగర్‌లో షాపు వాళ్లు ఎలాగూ ఫార్మాట్ అనే అంటారు, వాళ్లకు అదే సులువు. మీరు మాత్రం ఇప్పుడే కొట్టించొద్దు.

ముందు కంప్యూటర్ ఆపేసి రౌటర్ చూడండి. అప్పుడూ లైటు కొట్టుకుంటుంటే అది ఫోన్లదో, టీవీదో, సీసీ కెమెరాదో పని. ఎస్‌వీసీహోస్ట్ అంటే విండోస్ తన తెరవెనుక పనులు నడిపించుకునే ప్రోగ్రామ్, ప్రతి విండోస్‌లోనూ ఉంటుంది, ఒకేసారి పదుల సంఖ్యలో నడుస్తుంటుంది. పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 తెరుచుకుంటే మామూలే. టెంప్, యాప్‌డేటా లాంటి చోట తేలితే మాత్రం అనుమానించాల్సిందే.

అసలు చూడాల్సింది ఎంత నెట్ పోతోందని కాదు, వస్తోందా వెళ్తోందా అని. స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని కొట్టి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సెండ్ అన్న కాలమ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ పంపేది పైకి వస్తుంది. రిసీవ్ ఎక్కువుంటే చాలాసార్లు అప్‌డేట్లే. పంపేది కూడా విండోసే కావచ్చు. డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది, మీ దగ్గర దిగిన అప్‌డేట్ ముక్కలను సెట్టింగ్‌ను బట్టి బయటి కంప్యూటర్లకు కూడా పంచుతుంది. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయొచ్చు. ఈ నెలలో ఎంత పంచిందో కూడా అక్కడే కనిపిస్తుంది.

మిర్యాలగూడలో మా బామ్మర్ది ఇంట్లో వ్యవహారం వేరు. రైస్ మిల్లు లెక్కలు ఇంట్లోనే చూస్తాడు, నెల సగం కాకముందే డేటా అయిపోయి నెట్ స్పీడ్ పడిపోయేది. యాంటీవైరస్ ఏమీ లేదంటోంది. నెట్ కంపెనీ వాళ్లే మోసం చేస్తున్నారని వాడి గొడవ. సెండ్ కాలమ్ చూస్తే, వాళ్ల పిల్లాడు గేమ్ కోసం వేసుకున్న ఉచిత వీపీఎన్ (మన నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఆగకుండా పంపుతోంది. ఇలాంటి వాటిలో కొన్ని మన కనెక్షన్‌ను ఇంకొకరికి వాడుకోనిస్తాయి. ఎక్కడో ఉన్నవాడు మన ఇంటి ఐపీ అడ్రస్‌తో, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కున్న నంబర్‌తో, బయటికి వెళ్తాడు. వాడు తప్పుడు పని చేస్తే పోలీసులకు ముందు దొరికేది మన కనెక్షనే. ఒప్పుకున్నట్టు షరతుల్లో రాసుకుంటారు కాబట్టి యాంటీవైరస్‌లు కొన్నిసార్లు పట్టించుకోవు. అన్‌ఇన్‌స్టాల్ చేసి, స్టార్టప్ యాప్స్‌లోనూ, ప్రోగ్రామ్‌లను టైమ్‌కు నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లోనూ దాని తోక మిగిలిందేమో చూసి తీసేశాం. సెండ్ అంకె పడిపోయింది.

మీ విండోస్ లైసెన్స్‌దేనా? మన దగ్గర చాలా ఇళ్లలో ఏదో యాక్టివేటర్‌తో, అంటే కొనకుండానే కొన్నట్టు చూపించే ప్రోగ్రామ్‌తో లాగిస్తారు. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని అడిగే ప్రోగ్రామ్‌ను నేనైతే ఇంట్లోకి రానివ్వను. విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ కూడా అయిపోయింది, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి.

సెండ్‌లో పైనున్న పేరు మీకు తెలియనిదైతే నెట్ తీసేసి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఓ పావుగంట పడుతుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో బాట్‌నెట్ (మన కంప్యూటర్‌ను దూరం నుంచి వాడుకునే వైరస్) తీసే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. అప్పటికీ దొరికిన వైరస్ పోకపోతే అప్పుడు ఫార్మాట్ సరైనదే, ఫొటోలు, లెక్కలు తీసిపెట్టుకుని కొట్టించండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ కంప్యూటర్‌లో మార్చొద్దు, ఫోన్‌లో మార్చండి. ఈలోపు ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే స్కాన్లన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.