పెద్దకర్మ అయ్యాక

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

ఆప్తులను పోగొట్టుకున్నవారి కోసం మీ కాలనీ గ్రంథాలయంలో వారానికొకసారి ఉచితంగా కలిసి కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాటు చేయదలచావని తెలిసి ఎంతో సంతోషించాను. మా ఊరిలో చాలాకాలంగా ఆ పనిలోనే ఉన్నాను కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

మన ఇళ్లలో పెద్దకర్మ వరకు పరామర్శకు లోటుండదు. ఆ తరువాత షామియానా విప్పి, అద్దె కుర్చీలు పంపేసి, చుట్టాలు బస్సెక్కాక, ఇంట్లో మిగిలినవారికి అసలు దుఃఖం మొదలవుతుంది. నువ్వు ఆ గుమ్మం తొక్కవలసింది అప్పుడే. ఏటిసూతకం పాటించేవారు పదిమందిలోకి రావడానికి సంకోచిస్తారు కాబట్టి, వాళ్లే వస్తారని ఎదురుచూడక స్వయంగా వెళ్లి పిలువు.

ఓదార్చడానికి తొందరపడకు. "ఊరుకో అమ్మా, పిల్లల కోసమైనా గుండె రాయి చేసుకో" అని మంచి మనసుతోనే అంటాం గాని, అది విని ఏడుపు దిగమింగుకుని లేచి వెళ్లిపోయినవారిని నేను చూశాను. పోయినవారి గురించి అడుగు. ఒక పెద్దాయన మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం పక్కనున్నావిడ "మీ ఇంట్లో కాఫీ ఎలా కలిపేవారండీ?" అని అడిగితే, చికోరీ ఎంత, పంచదార ఎంత అని మొదలుపెట్టి, ఇప్పటికీ పొద్దున్నే రెండు గ్లాసులు తీసి ఒకటి మళ్లీ గూట్లో పెడుతున్నానని చెప్పి భోరుమన్నాడు. మేమెవరమూ ఆపలేదు.

పసిపిల్లలకు "నాన్న ఊరెళ్లాడు" అని చెప్పే ఇళ్లుంటాయి. పిల్లవాడు గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తూనే ఉంటాడు. వాడికి అర్థమయ్యే మాటల్లో నిజం చెప్పమని పెద్దవాళ్లను ఒప్పించు.

కాగితాల పనికి తోడు వెళ్లేవారినీ చూసుకో. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి; ఆ ధ్రువపత్రం లేనిదే బ్యాంకు పనీ, పింఛను పనీ ముందుకు సాగవు.

ఉచితమన్నాక విరాళాల డబ్బా కూడా అక్కడ పెట్టకు. లేనివాడు దాన్ని చూసి మరుసటి వారం రాడు.

మనం వైద్యులం కాము, ఆ హద్దు మరవకు. నెలలు గడిచినా తిండీ నిద్రా కుదుటపడని వారిని మానసిక వైద్యుల దగ్గరకు నువ్వే తీసుకువెళ్లు. ఎవరైనా చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలక, అక్కడికక్కడే 14416కు ఫోన్ చేయించు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ టెలిమానస్ సేవ రాత్రింబవళ్లు ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి వారం ఎవరూ రాకపోవచ్చు. అయినా చెప్పిన వేళకు తలుపు తీసి, కుర్చీలు గుండ్రంగా వేసి, మంచినీళ్లు పెట్టుకుని, గంటసేపు కూర్చునే రా.

మీ పెద్దనాన్న