థీమ్ పార్కుకు పిల్లల బండి: ఏ వయసు దాకా?

సెలవులకు ఫ్లోరిడా ప్రయాణం పెట్టుకున్నవాళ్ళ నుంచి ఈ నెల ఎక్కువగా వచ్చినవి స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) ప్రశ్నలే. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు మొన్ననే ఐదేళ్ళు నిండాయి. మూడేళ్ళప్పుడే బండి మానేశాడు. ఇంటి దగ్గర పార్కులో గంటలకొద్దీ పరిగెడతాడు. జూన్‌లో నాలుగు రోజులు ఆర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం. మళ్ళీ స్ట్రోలర్ కావాలంటారా?
– ఒక తల్లి, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: కావాలి. ఐదేళ్ళవాడు నడుస్తాడు, అందులో సందేహం లేదు. రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో చూడండి. పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర గెంతులు వేసిన పిల్లాడే రాత్రి బాణసంచా అయ్యేసరికి నేలమీద చతికిలబడి "ఎత్తుకో" అంటాడు. ఆ రాత్రి పిల్లాణ్ణి తలచుకుని నిర్ణయించండి.

ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. హాల్లో టేపు పరిచి, బాబు చేత పది అడుగులు మామూలుగా వేయించి, వచ్చిన దూరాన్ని పదితో భాగించండి. అంగ 45 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మీది 70. పార్కులో మీరు రోజంతా పది కిలోమీటర్లు తిరిగితే మీకు సుమారు 14,300 అడుగులు, వాడికి 22,000 పైనే. డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ పార్కులో పదకొండు దేశాల మంటపాల చుట్టూ ఉన్న దారి ఒక్కటే ఒక చుట్టుకు దాదాపు రెండు కిలోమీటర్లు. పైగా ఇంటి దగ్గర పార్కులో పిల్లాడు అలిసినప్పుడు ఆగుతాడు, ఇసుకలో కూర్చుంటాడు. ఇక్కడ మీ నడక వేగానికి వాడు సరిపోవాలి. క్యూలో నిలబడాలి. క్యూలో నిలబడటం పిల్లలకు నడక కన్నా ఎక్కువ విసుగు.

ఇంకా అనుమానముంటే ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక శనివారం పరీక్ష పెట్టండి. బండి లేకుండా పొద్దున మూడు గంటలు ఏ జూకో పెద్ద మాల్‌కో తిప్పండి. భోజనం పెట్టి, పగటి నిద్ర లేకుండా, సాయంత్రం మళ్ళీ మూడు గంటలు. మొదటిసారి ఎత్తుకోమన్నది ఎప్పుడో గడియారం చూసి రాసుకోండి. పొద్దుటి విడతలోనే అడిగితే బండి తప్పనిసరి. సాయంత్రం ఏ ఏడింటికో అడిగితే, మీరు రాత్రిదాకా ఉండేవాళ్ళయితేనే బండి కావాలి. మధ్యాహ్నం రెండింటికి హోటల్‌కు తిరిగొచ్చి, పడుకోబెట్టి, ఐదింటికి మళ్ళీ వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఐదేళ్ళకే బండి లేకుండా నెగ్గుకొస్తారు. మాకు నచ్చిన పద్ధతి కూడా అదే. కానీ టికెట్‌కు పెట్టిన డబ్బు గుర్తొచ్చి చాలామంది మధ్యలో బయటికి రారు. అలాంటివాళ్ళు మొహమాటపడకుండా బండి తీసుకోవడం మేలు.

జూన్ కాబట్టి మరో మాట. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో జడివాన మామూలే. పూర్తిగా కప్పే పారదర్శక ప్లాస్టిక్ కవరు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ఎండలో మాత్రం పిల్లాడు నిద్రపోయాడని బండి మీద దుప్పటి, చున్నీ కప్పొద్దు. లోపల గాలి ఆడక వేడి చకచకా పెరుగుతుంది. పైకప్పు లాగి, ముందువైపు తెరిచి, చిన్న బ్యాటరీ ఫ్యాను తగిలించండి.

ప్రశ్న: పార్కులోనే అద్దెకు దొరుకుతాయి కదా, ఇంటి నుంచి మోసుకెళ్ళడం ఎందుకని నా వాదన. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. పాపకు నాలుగేళ్ళు. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆవిడ మాట. డిస్నీ పార్కుల్లో ఇచ్చేవి గట్టి ప్లాస్టిక్ బళ్ళు. ఒరగబెట్టి పడుకోబెట్టడానికి వీలుండదు. కొన్నేళ్ళుగా రోజుకు సింగిల్ బండి 15 డాలర్లు, డబుల్ 31 డాలర్లు నడుస్తోంది. వెళ్ళేముందు ఒకసారి సరిచూసుకోండి. అసలు చిక్కు ధర కాదు, ఆ బండి పార్కు గేటు దాటదు. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు నుంచి కారు దాకా దారి ఎలా ఉంటుందో చూడండి: గేటు దగ్గర బండి అప్పగించాలి, మోనోరైలు గానీ పడవ గానీ ఎక్కాలి, దిగాక పార్కింగ్ స్థలంలో తిప్పే ట్రామ్ ఎక్కాలి, అక్కడినుంచి కారు వెతుక్కోవాలి. ఈ దారంతా నిద్రపోయిన పాప మీ భుజం మీద. నాలుగేళ్ళ పాప పదహారు కిలోలుంటే, నిద్రలో ఇరవైలా అనిపిస్తుంది.

అందుకని మూడు దార్లు. ఇంట్లో మడిచే తేలికపాటి బండి ఉంటే అదే తీసుకెళ్ళండి. అమెరికా విమానయాన సంస్థలు ఎక్కువ భాగం పిల్లల బండికి రుసుము తీసుకోవు. విమానం తలుపుదాకా తోసుకెళ్ళి అక్కడ అప్పగించవచ్చు. కౌంటర్లోనే గేట్-చెక్ ట్యాగ్ అడిగి కట్టించుకోండి, దిగాక తలుపు దగ్గర ఇస్తారా, సామాన్ల బెల్టు మీద వస్తుందా అనీ అక్కడే అడగండి. కాఫీ కప్పు పెట్టుకునే హోల్డరు, కింది బుట్టలోవి, విడిపోయే ముక్కలన్నీ ముందే తీసేయండి. ఊడి పోయేవి అవే. రెండో దారి, హోటల్‌కు తెచ్చి ఇచ్చే బయటి అద్దె దుకాణాలు. నాలుగైదు రోజులుండేవాళ్ళకు పార్కు అద్దె కన్నా ఇది తరచు చవక, బండి కూడా మెరుగు. తెచ్చిచ్చేటప్పుడు మీరు హోటల్లో ఉండాలా, కౌంటర్లో వదులుతారా అన్నది బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. మూడోది ఎక్కువమంది మరిచేది: ఊరు చేరాక ఏ వాల్‌మార్ట్‌లోనో గొడుగులా మడిచే చవక అంబ్రెల్లా బండి కొనేయడం. కానీ అది కొనేముందు వెనక్కి వాలుతుందో లేదో చూడండి. నిద్రపోయిన పిల్ల తల ముందుకు వేలాడే బండి ఎందుకూ కొరగాదు.

మడవటం చాలా చోట్ల తప్పదు. పార్కింగ్ ట్రామ్, హోటల్ బస్సు ఎక్కాలంటే మామూలుగా మడవాలి. మోనోరైలు, పెద్ద ఫెర్రీ పడవ, స్కైలైనర్ కేబుల్ డబ్బాల్లోకి సింగిల్ బండిని అలాగే తోసుకెళ్ళవచ్చు. ఒక చేత్తో పాపను పట్టుకుని రెండో చేత్తో మడవగలరా? ఇంట్లో పదిసార్లు చేసి చూడండి. బస్సు తలుపు దగ్గర వెనక ముప్ఫై మంది నిలబడ్డాక నేర్చుకునే విద్య కాదది.

ప్రశ్న: నేను విజయవాడ నుంచి మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను, వెంట పెద్దమ్మాయి కూతురు కూడా వస్తోంది. దానికి ఆరేళ్ళు. చిన్నమ్మాయి ఆర్లాండోలో బండి అద్దెకు తీస్తానంటోంది. ఆరేళ్ళ పిల్లను బండిలో కూర్చోబెడితే నలుగురూ నవ్వరా? సోమరితనం అలవాటవదా?
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: అమ్మమ్మగారూ, నవ్వేవాళ్ళెవరూ ఉండరు. అక్కడ ఒక్కో రైడ్ బయట బళ్ళు ఆగే చోట ఐదారేళ్ళ పిల్లల బళ్ళు బోలెడు కనిపిస్తాయి. నాలుగు రోజుల బండికి సోమరితనమూ రాదు.

మీ మనవరాలి విషయంలో బండికి మొగ్గు చూపడానికి మరో కారణం ఉంది. వేసవిలో ఆర్లాండో గడియారం మన కన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. వాళ్ళ సాయంత్రం ఐదంటే మనకు తెల్లవారుజామున రెండున్నర. వచ్చిన మొదటి వారంలోనే పార్కుకు వెళ్తే సాయంత్రానికి పిల్లకు నిద్ర ముంచుకొస్తుంది. ఊరు చేరిన ఐదారు రోజుల తర్వాత పార్కు పెట్టుకోమని మీ అమ్మాయితో చెప్పండి. అది కుదరకపోతే బండి ఉండాల్సిందే.

బరువు మాత్రం చూసుకోండి. చాలా బళ్ళు 50 పౌండ్ల దాకానే, అంటే సుమారు 22.7 కిలోలు. బండి చట్రం మీది స్టిక్కర్‌పై రాసి ఉంటుంది. అది దాటితే ముందు చక్రాలు వంకరపోవచ్చు, బ్రేకు పట్టకపోవచ్చు. కాళ్ళు నేలకు రాసుకుంటున్నా ఆ బండి తనకు చాలదన్నట్టే. మీరు కూడా బండి పిడి మీద బరువు మోపి నడవకండి, అది చేతికర్ర కాదు. పిల్ల దిగగానే వెనక్కి తిరగబడుతుంది. మోకాళ్ళు నొప్పులుంటే పార్కులోనే వీల్‌చెయిర్లు అద్దెకిస్తారు. మొహమాటం అక్కడా అక్కర్లేదు.

ప్రశ్న: మాకు మూడున్నరేళ్ళ బాబు, ఏడాది పాప. వ్యాగన్ లాంటి బండి కొన్నాం, ఇద్దరూ హాయిగా పడుకుంటారు. డిస్నీకి తీసుకెళ్ళవచ్చా?
– ఒక తండ్రి, అట్లాంటా

జవాబు: వద్దు, గేటు దగ్గర ఆపేస్తారు. 2019 మే నుంచి స్ట్రోలర్ వ్యాగన్లకు ప్రవేశం లేదు. మామూలు బండి అయినా వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదు. కొలిచేటప్పుడు చక్రాల అంచుల దాకా, పిడి దాకా కొలవండి. కంపెనీ చెప్పే వెడల్పు ఒక్కోసారి సీటుదే. పక్కపక్క సీట్ల డబుల్ బళ్ళు చాలావరకు ఈ కొలతలో ఇముడుతాయి. ఒకదాని వెనక ఒకటి ఉండే రకం సన్నగా ఉన్నా మలుపు తిరగడం కష్టం, మడిస్తే పెద్ద మూట. వెనక నిలబడే పలక ఉన్న బండి మూడున్నరేళ్ళవాడికి బాగుంటుందనిపిస్తుంది గానీ, నిలబడి నిద్రపోలేడు కదా. పక్కపక్క సీట్లదే తీసుకోండి. మూడు దాటిన బాబుకు టికెట్ కావాలి, పాపకు అక్కర్లేదు.

కింది బుట్టలో పెరుగన్నం, పులిహోర పెట్టుకెళ్ళవచ్చు, అడ్డు చెప్పరు. గాజు సీసాలు, విడి ఐసు మాత్రం కుదరవు. చల్లదనానికి మళ్ళీ గడ్డకట్టే జెల్ ప్యాకులు వాడండి. సెక్యూరిటీ దగ్గర బుట్టలోవన్నీ చూస్తారు కాబట్టి ఒకే సంచిలో సర్దితే పని తేలిక. పాలు, డైపర్ల పనికి ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, ఏసీ కూడా. మధ్యాహ్నం అరగంట అక్కడ గడపండి.

ప్రశ్న: పోయినసారి రైడ్ ఎక్కి వచ్చేసరికి మా బండి పెట్టినచోట లేదు. ఇరవై నిమిషాలు వెతికాం. మరోసారి వెనక్కి పడిపోయింది కూడా. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పోయి ఉండదు, జరిపి ఉంటారు. బళ్ళను క్యూలోకి రానివ్వరు, బయట కేటాయించిన చోట వదలాలి. రద్దీ పెరిగేకొద్దీ సిబ్బంది వాటిని వరసలు మారుస్తూ సర్దుతూనే ఉంటారు. అందుకే చక్రానికి తాళం వేస్తే వాళ్ళకు చిక్కు, మీకూ చిక్కే. పిడికి దూరం నుంచి కనపడే రంగు గుడ్డ, పాత చీర అంచు లాంటిది కట్టండి. పేరూ ఫోన్ నంబరూ రాసిన చీటీ ప్లాస్టిక్ తొడుగులో పెట్టి సీటు వెనక తగిలించండి. వదిలినప్పుడు పక్కనున్న బోర్డు కనపడేలా ఫోటో తీయండి. వెతికేటప్పుడు పెట్టిన చోటి నుంచి చుట్టుపక్కల వరసల్లోకి వెళ్ళండి, చాలాసార్లు పది గజాల్లోనే ఉంటుంది. పాస్‌పోర్టు, పర్సు, కెమెరా మాత్రం బండిలో వదలొద్దు.

తిరగబడటానికి కారణం పిడికి వేలాడే సంచులు. పిల్ల కూర్చున్నంతసేపు ముందు బరువు ఉంటుంది. దిగగానే వెనక సంచి గెలుస్తుంది. నీళ్ళ సీసాలు, బరువైనవన్నీ కింది బుట్టలో ఇరుసుకు దగ్గరగా పెట్టండి. ఏ సంచైనా పిడికి తగిలించి తీరాలంటే, పిల్లను దించేముందు సంచి తీయడం అలవాటు చేసుకోండి. వాన తర్వాత సీటు తడిసి ఉంటుంది, ఒక పొడి తువ్వాలు దగ్గరుంచుకోండి. ఎండలో నిలిపిన బండి లోహపు బకిల్ చుర్రుమంటుంది, కట్టేముందు చేత్తో తాకి చూడండి.

ప్రశ్న: మా బాబుకు ఆటిజం ఉంది. ఆరేళ్ళు. గుంపులో బండిలో ఉంటేనే ప్రశాంతంగా ఉంటాడు. క్యూలోకి బండి రానివ్వకపోతే మా పని అయిపోయినట్టే.
– ఒక తల్లి, శాన్ హోసే

జవాబు: పార్కులోకి వెళ్ళగానే గెస్ట్ రిలేషన్స్ (సందర్శకులకు సాయం చేసే కౌంటర్) దగ్గర ఈ మాటే చెప్పండి. బండిని వీల్‌చెయిర్‌గా పరిగణించే ట్యాగ్ ఇస్తారు, దాన్ని పిడికి కట్టుకుంటే వీల్‌చెయిర్లు వెళ్ళే దారుల్లో బండితోనే వెళ్ళవచ్చు. ఈ ట్యాగ్‌తో క్యూ తగ్గదు. క్యూ నిడివి కష్టమైతే దానికి వేరే సదుపాయం ఉంది, దాన్ని ప్రయాణానికి ముందే వీడియో కాల్‌లో మాట్లాడి తీసుకోవాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో వండర్లాకు, రామోజీ ఫిల్మ్ సిటీకి నాలుగేళ్ళ పాపతో వెళ్తున్నాం. అక్కడ కూడా బండి కావాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వండర్లాకు వద్దు. అక్కడ సగం సందడి నీళ్ళలోనే. తడి నేల మీద బండి కన్నా జారని చెప్పులు, మారు బట్టలు ముఖ్యం. టికెట్, రైడ్లు రెండూ ఎత్తును బట్టి నిర్ణయిస్తారు, పాపను ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలుచుకుని వెళ్ళండి. రామోజీలో దూరాలు పెద్దవి, కానీ బస్సుల్లో తిప్పుతారు. ఎక్కి దిగినప్పుడల్లా మడిచి విప్పడం కన్నా, పాపను ఒకరి తర్వాత ఒకరు ఉప్పుమూట ఎక్కించుకోవడం సులువు. ఏడాది లోపు పిల్లయితే ఒంటికి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్ళండి.