తుపాకీ ముందు కాగితం ఏం చేస్తుంది?

ప్రశ్న: ఆఫ్రికాలోని కాంగో గురించి ఈమధ్య ఎక్కువగా చదువుతున్నానండి. 2025 జనవరిలో గోమా, ఫిబ్రవరిలో బుకావు, తూర్పు కాంగోలోని ఈ రెండు పెద్ద నగరాలూ ఎం23 అనే తిరుగుబాటు దళం చేతికి పోయాయి. అక్కడి మానవ హక్కుల వాళ్ళు ఏళ్ళ తరబడి రిపోర్టులు రాస్తూనే ఉన్నారు, జనం చస్తూనే ఉన్నారు. ఆ కాగితాల వల్ల ఒరిగిందేంటి? ఇంత దూరాన ఉన్న మనం చెయ్యగలిగింది ఏమన్నా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరడిగింది న్యాయమైన ప్రశ్నేనండి, నాకూ కడుపు మండుతుంది. ఐక్యరాజ్యసమితి 2010లో బయటపెట్టిన మ్యాపింగ్ రిపోర్టునే చూడండి, 1993 నుంచి 2003 దాకా కాంగోలో జరిగిన 617 దారుణ ఘటనలు, ఎక్కడ ఎప్పుడు ఎవరి మీద అని 500 పేజీలకి పైగా రాసిపెట్టారు, వాటిలో చాలావాటికి ఇప్పటికీ కేసే లేదు. బుకావులో అత్యాచార బాధితులకి వైద్యం చేసే డాక్టర్ డెనిస్ ముక్వెగే 2018లో నోబెల్ శాంతి బహుమతి తీసుకుంటూ ఇదే అన్నారు, ఆ రిపోర్టు న్యూయార్క్‌లో ఒక సొరుగులో బూజు పడుతోందని.

అయినా కాగితం దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను. కవుము సంగతి చెప్తా వినండి.

బుకావుకి దగ్గర్లోనే ఉన్న ఊరు అది. 2013 నుంచి అక్కడ రాత్రిళ్ళు ఇంట్లో నిద్రపోతున్న ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి, పాడుచేసి, పొలాల్లో పడేసేవాళ్ళు, పిల్లల్లో ఏడాదిన్నర పసిగుడ్డు కూడా ఉంది. ముక్వెగే నడిపే పాంజీ ఆసుపత్రికి ఒకరి తర్వాత ఒకరు అదే ఊరి నుంచి వస్తుంటే డాక్టర్లకి అర్థమైపోయింది ఇది ఎవడో ఒక్కడి పని కాదని. వైద్యం చేస్తూనే ప్రతి గాయాన్నీ కోర్టులో నిలబడేలా రాసి దాచారు, పిల్లల మాటలు వీడియో తీశారు, అదీ పదిమంది పదిసార్లు అడిగి ఏడిపించకుండా. దీని వెనకున్న మిలీషియాని, అంటే ప్రైవేటు సాయుధ ముఠాని, నడిపింది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు! 2017 చివర్లో మిలిటరీ కోర్టు ఆ ఊళ్ళోనే కూర్చుంది. సాక్షులు తల నుంచి కాళ్ళ దాకా గుడ్డ కప్పుకుని, తెర చాటున, గొంతు మార్చే మిషన్‌లోంచి మాట్లాడారు. డిసెంబర్‌లో ఆ సభ్యుడితో కలిపి 11 మందికి యావజ్జీవం పడింది. ఆ డాక్టర్లు ఆ రోజు రాసి ఉండకపోతే ఇది జరిగేదా చెప్పండి?

రాసినవాళ్ళకి మాత్రం అది ప్రాణం మీదకొస్తుంది. ఫ్లోరిబేర్ చెబేయా అని కాంగో రాజధాని కిన్షాసాలో 'గొంతులేని వాళ్ళ గొంతు' అనే అర్థం వచ్చే పేరుతో సంస్థ నడిపిన మనిషి, 2010 జూన్‌లో పోలీసు పెద్దని కలవడానికి రమ్మంటే వెళ్ళాడు, మర్నాడు తన కారులోనే శవమై దొరికాడు. కారు నడిపిన ఫిదేల్ బజానా శవమైతే దొరకనే లేదు. కేసు సాగి సాగి 2022లో కూడా హై మిలిటరీ కోర్టు ఒక పోలీసు అధికారికి మరణశిక్ష వేసింది, అంటే 12 ఏళ్ళ తర్వాత. ముక్వెగే మీద కూడా 2012 అక్టోబర్‌లో ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి, ఆయన మనిషి ఒకరు చనిపోయారు, ఆయన కుటుంబంతో దేశం వదిలారు. అప్పుడు ఇద్జ్వి దీవి ఆడవాళ్ళు అనాసపళ్ళూ ఉల్లిపాయలూ అమ్మి ఆయన తిరుగు టికెట్‌కి డబ్బు పోగుచేశారండీ, అసలు వాళ్ళకే గతిలేదు, ఇది తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది నాకు. 2013 జనవరిలో ఆయన వెనక్కొచ్చేశారు.

ఇంక మనం చెయ్యగలిగింది. మీ ఫోన్‌కి కాంగో నుంచి ఏదన్నా వీడియో వస్తే, అందులో బాధితురాలి మొహమో ఊరి పేరో కనిపిస్తే దయచేసి ముందుకు పంపకండి, జాలితో కూడా వద్దు. చూసేవాళ్ళలో ఆ పని చేసినవాడు కూడా ఉండొచ్చు కదా. డబ్బు ఇవ్వాలనిపిస్తే అక్కడే ఉండి వైద్యం చేస్తూ సాక్ష్యం దాచే పాంజీ లాంటి చోటకి ఇవ్వండి. అలాగే ఎవరన్నా కాంగో గొడవ అంటే రెండు తెగల కొట్లాటే అంటే, కవుములో శిక్ష పడింది ఓట్లతో గెలిచిన ఒక నాయకుడికని చెప్పండి.