పార్టు ఖర్చు తగ్గాలంటే ముందు స్క్రాప్ డబ్బా దగ్గరికెళ్లు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చదివా. కస్టమర్ రేటు తగ్గించమన్నాడు, మీ మేనేజర్ ఆ ఫైలు తెచ్చి నీ టేబుల్ మీద పడేశాడు, నువ్వేమో షీటు కోసి పార్టులు చేసే ప్రెస్ స్పీడ్ పెంచుదామా మామా, లేకపోతే ఒక ఆపరేటర్‌ని తగ్గిద్దామా అని నన్నడుగుతున్నావు. రెండూ వద్దు. లేచి ప్రెస్ పక్కనుండే స్క్రాప్ డబ్బా దగ్గరికెళ్లు, డై లోంచి, అంటే పార్టుని కోసే అచ్చులోంచి, పార్టులు తెగాక బయటికొచ్చిన స్ట్రిప్ (షీటు పట్టీ) ఒక మూర ముక్క తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టుకో, పక్కన స్కేలు పెట్టు. మీ డబ్బు ఎక్కడ పోతోందో ఆ ముక్కే చెప్తుంది. స్టాంపింగ్ పార్టు ధరలో మామూలుగా సగానికి పైన మెటీరియలే ఉంటుంది, కానీ మీటింగుల్లో మాత్రం అందరూ స్ట్రోక్ రేటు, అంటే ప్రెస్ నిమిషానికి ఎన్ని దెబ్బలు కొడుతుంది, దాని గురించే కొట్టుకుంటారు, ఎందుకో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

ఒక లెక్క చెప్తా, కాగితం తీసుకుని నువ్వు కూడా వెయ్యి. 2 ఎంఎం మైల్డ్ స్టీల్ షీట్‌లో ఎల్ ఆకారం బ్లాంక్ (షీట్‌లోంచి కోసిన ముక్క) అనుకో, రెండు కాళ్లూ మూలతో కలిపి 60 ఎంఎం పొడవు, 20 ఎంఎం వెడల్పు. పార్టు ఏరియా 2000 చదరపు ఎంఎం. దీన్ని స్ట్రిప్‌లో నిటారుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మధ్యలో 2, అంచుల్లో 2 వదిలితే పిచ్, అంటే ఒక పార్టు నుంచి పక్క పార్టుకి దూరం, 62, స్ట్రిప్ వెడల్పు 64, అంటే ఒక్కో పార్టుకి 3968 చదరపు ఎంఎం తింటోంది. సగం డబ్బాలోకే. ఇప్పుడు అదే పార్టుని 45 డిగ్రీలు తిప్పు. ఒక ఎల్ ఒళ్లో ఇంకో ఎల్ వచ్చి కూర్చుంటుంది. గ్యాప్ అదే 2 ఎంఎం, పిచ్ 31.1 కి వస్తుంది, స్ట్రిప్ వెడల్పు మాత్రం 89 అవుతుంది. వెడల్పు పెరిగిందని భయపడకు, గుణించి చూడు, పార్టుకి సుమారు 2770 చదరపు ఎంఎం. స్టీల్ సాంద్రత 7.85 వేసుకుంటే 62 గ్రాములు పట్టేది 43.5 గ్రాములకి దిగింది. లక్ష పార్టులకి 1.9 టన్నుల దగ్గర స్టీలు మిగిలింది, ప్రెస్ స్పీడ్ ఒక్క స్ట్రోక్ కూడా పెంచలేదు, ఎవర్నీ తీసెయ్యలేదు.

స్క్రాప్ అమ్ముతాం కదా అంటారు మీ అకౌంట్స్ వాళ్లు. అమ్ముతారు, కొన్న రేటుకి అమ్ముతారా అని అడుగు.

అయితే లేఅవుట్ మార్చాలంటే కొత్త డై కావాలి, ఉన్న డైని 45 డిగ్రీలు తిప్పలేం కదా. కాబట్టి ఆ మార్పు డై అరిగిపోయి కొత్తది చేయించే టైమ్‌కి పెట్టుకో, లేదా వాల్యూమ్ బాగా ఉంటే డై ఖర్చుని పార్టుకి మిగిలే డబ్బుతో భాగించి ఎన్ని పార్టులకి తేరుతుందో చూసుకో. ఈలోపు డై ముట్టుకోకుండా చేసేదొకటుంది, దాంతో మొదలుపెట్టు. డైకి కావాల్సిన స్ట్రిప్ వెడల్పెంత, మీరు కొంటున్న స్లిట్ కాయిల్ (కావాల్సిన వెడల్పుకి కోసి చుట్టిన షీట్) వెడల్పెంత, రెండూ పక్కపక్కన రాసుకో. 64 సరిపోయే చోట ఎప్పుడో దొరక్క 70 తెప్పించి, స్ట్రిప్ నడిచే గైడ్ వెడల్పు చేసి, ఆ తర్వాత అందరూ మర్చిపోయి అదే ఆర్డర్ పెడుతూ ఉంటారు, నేను ఇలాంటివి చాలా చూశా. ఆ 6 ఎంఎం అంటే ఎనిమిదిన్నర శాతం ఊరికే పోతోంది.

ఇంకోటి తూకం సంగతి. మనం కాయిల్ కిలోల్లో కొంటాం, పార్టులు నగల్లో... సారీ, నగాల్లో అమ్ముతాం. 2 ఎంఎం అని తెప్పించిన కాయిల్ 2.06 ఉందనుకో, టాలరెన్స్‌లోనే, అంటే ఒప్పుకునే తేడాలోనే ఉంది, ఇన్‌స్పెక్షన్‌లో పాస్, కానీ 3 శాతం బరువు నీ నెత్తిన పడింది, అదే బరువుకి పార్టులు తక్కువొస్తాయి. కాయిల్ వచ్చినప్పుడల్లా మైక్రోమీటర్‌తో మూడు నాలుగు చోట్ల చూసి రిజిస్టర్‌లో రాయించు. రెండు మూడు నెలల రీడింగులు చేతిలో ఉంటే సప్లయర్‌తో మాట్లాడ్డానికి నోరు లేస్తుంది, లేకపోతే లేవదు.

స్టీలు ఆదా అన్నాను కదా అని మరీ పీనాసిగా పార్టుకీ పార్టుకీ మధ్య గ్యాప్ తగ్గించెయ్యకు. ఆ బ్రిడ్జ్ షీట్ మందానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు ఉంచాలి. అంతకంటే తగ్గిస్తే స్ట్రిప్ వంకరపోతుంది, ఆ సన్న ముక్క పంచ్‌తో (పైనుంచి దిగి కోసే భాగంతో) పాటు డై లోకి లాక్కుపోయి ఇరుక్కుంటుంది, అప్పుడు మిగిల్చిన స్టీలంతా పంచ్ ఖర్చు కింద సరి. అలాగే పార్టుకి తర్వాత బెండ్ ఉంటే షీట్ రోలింగ్ ఏ దిక్కున ఉందో చూసుకో, బెండ్ లైన్ ఆ రోలింగ్ దిక్కుకి, అంటే గ్రెయిన్‌కి, అడ్డంగా పడితే మంచిది, సమాంతరంగా పడితే తక్కువ రేడియస్‌లో పగుళ్లొస్తాయి. రెండు కాళ్లకీ బెండ్ ఉన్న ఎల్‌ని 45 డిగ్రీల్లో పెడితే రెండూ గ్రెయిన్‌కి ఏటవాలుగా పడతాయి, ఒకటి బాగుండి ఒకటి పగిలే బాధ ఉండదు, అది బోనస్.

స్ట్రిప్ అయ్యాక డ్రాయింగ్ తియ్యి. ఎర్ర పెన్నుతో ప్రతి టాలరెన్స్ పక్కన ఇది ఎందుకుంది అని రాయి. సగానికి జవాబుండదు. ఎం6 బోల్ట్ దూరే రంధ్రం 6.6 పెట్టి దాని మీద ప్లస్ ఆర్ మైనస్ 0.05 వేసుంటారు, ఏదో పాత డ్రాయింగ్‌లోంచి కాపీ కొట్టిన టైటిల్ బ్లాక్ (డ్రాయింగ్ మూలనుండే వివరాల గడి) పుణ్యం అది. ఆ బోల్ట్‌కి 0.6 ఎంఎం ఖాళీ ఉంది, అది హాయిగా దూరుతుంది, కానీ ఆ 0.05 కోసం నువ్వు గేజ్ పెట్టి చెక్ చేయించాలి, పంచ్ కాస్త అరగ్గానే మార్చాలి. కస్టమర్ డిజైన్ వాళ్లతో ఫోన్‌లో కాకుండా పార్టు చేతిలో పట్టుకుని మాట్లాడు, ఎక్కడ అవసరమో అక్కడ ఉంచి మిగతా చోట వదలమని అడుగు. ఒప్పుకుంటారు, ఎక్కువసార్లు వాళ్లకి కూడా అది ఎందుకుందో తెలీదు. షీట్ మందం కంటే చిన్న రంధ్రాలు, బెండ్‌కి మరీ దగ్గరున్న రంధ్రాలు ఉంటే అవీ అడుగు, బెండ్ చేసేటప్పుడు ఆ రంధ్రం సాగిపోతుందని విడిగా ఇంకో ఆపరేషన్ పెట్టుకుని ఉంటారు. వెల్డ్ నట్ ఉంటే దాని బదులు బర్రింగ్ చేసి (రంధ్రం అంచుని గొట్టంలా లేపి) ట్యాప్ కొడితే (లోపల మర తీస్తే) ఆ లోడ్‌కి సరిపోతుందా అని అడుగు, సరిపోతే నట్టూ పోయింది, వెల్డింగూ పోయింది, వెల్డింగ్ దగ్గర పార్టులు ఎదురుచూడ్డమూ పోయింది.

ఇప్పుడు డై సంగతి, దీన్ని కొంచెం ఓపిగ్గా చదువు. పంచ్‌కీ డైకీ మధ్య క్లియరెన్స్ (ఖాళీ) ఒక్కో పక్కకి షీట్ మందంలో 5 శాతం అని మా రోజుల్లో బట్టీ పట్టించారు, 2 ఎంఎం షీట్‌కి 0.1 అన్నమాట. చాలా పార్టులకి 8 నుంచి 10 శాతం దాకా వెళ్లినా ఇబ్బంది లేదు, కటింగ్ ఎడ్జ్ ఎక్కువ కాలం నిలుస్తుంది, స్ట్రిప్పింగ్, అంటే పంచ్ నుంచి షీటుని వదిలించడం, కూడా సులువవుతుంది. కాకపోతే తెగిన అంచులో నున్నగా మెరిసే పట్టీ తగ్గి గరుకు భాగం పెరుగుతుంది, పై అంచు కాస్త గుండ్రంగా దిగుతుంది, స్లగ్ (రంధ్రంలోంచి తెగిన ముక్క) పంచ్‌తో పాటు పైకి లేచే ప్రమాదం ఉంటుంది. ఆ రంధ్రంలో షాఫ్ట్ తిరగాలంటే వద్దు, ఊరికే బోల్ట్ దూరాలంటే పర్లేదు. రీగ్రైండ్ చేసేటప్పుడే, అంటే అరిగిన అంచుకి మళ్లీ పదును పెట్టేటప్పుడే, ఒక పంచ్ మీద ట్రై చెయ్యి, డై మొత్తం మీద ఒకేసారి కాదు.

రీగ్రైండింగ్ అంటే గుర్తొచ్చింది. నేను సెట్టర్‌గా (ప్రెస్ మీద డై బిగించేవాడిగా) కొత్తలో పనిచేసిన ఒక షాపులో నెలాఖరు రష్, పార్టు మీద బర్, అంటే తెగిన అంచున లేచే ముల్లు, గోరుకి తగుల్తోంది. సూపర్‌వైజర్‌కి చూపిస్తే ఈ లాట్ అవనీ అన్నాడు, నేనూ ఊరుకున్నా, చిన్నవాణ్ణి కదా ఎందుకులే అని. మర్నాటికి బర్ చెయ్యి కోసేలా తయారైంది, ఆరుగురు కూర్చుని ఫైల్ పట్టుకుని రుద్దుతున్నారు. మూడో రోజు రాత్రి షిఫ్ట్‌లో మొద్దుబారిన పంచ్ విరిగింది, ఆ ముక్క మీద ఇంకో స్ట్రోక్ పడి డై ప్లేట్ అంచు లేచిపోయింది. ఒక సాయంత్రం ఆపి 0.15 ఎంఎం గ్రైండ్ చేసుంటే పోయేది, దానికి వారం లైన్ ఆగింది. అప్పట్నుంచీ నా లెక్క ఏంటంటే అంచు 0.1 ఎంఎం గుండ్రబడే లోపే డై దించెయ్యాలి, కొంచెం కొంచెం తరచుగా తీస్తే డై బ్లాక్ చాలా ఎక్కువ రీగ్రైండ్‌లకి వస్తుంది, ఆలస్యం చేసి ఒకేసారి అర ఎంఎం తీస్తే డై ఆయుష్షు తినేసినట్టే. ఎన్ని స్ట్రోక్స్‌కి బర్ మొదలవుతోందో ప్రతి డైకీ రాయించు, కౌంటర్ ఆ నంబర్‌కి రాకముందే దించు. నెలాఖరు అయినా సరే.

ప్రెస్ ఎంపిక కూడా చూడు. ఖాళీగా ఉంది కదా అని చిన్న డైని 200 టన్నుల ప్రెస్ ఎక్కిస్తారు, ఆ మెషిన్ గంట రేటు పార్టు మీద పడుతుంది. ఇందాకటి ఎల్ పార్టు చుట్టుకొలత 240, మందం 2, షియర్ స్ట్రెంగ్త్ (కోతకి స్టీలు తట్టుకునే బలం) 350 మెగాపాస్కల్ వేసుకో, మూడూ గుణిస్తే 1,68,000 న్యూటన్లు, అంటే 17 టన్నులు. స్ట్రిప్పింగ్‌కి, సేఫ్టీకి కలుపుకున్నా 30 టన్నుల ప్రెస్ చాలు, బెడ్ సైజు సరిపోతే.

డై మార్చే టైమ్ గురించి నువ్వు ఏదో పెద్ద ప్రెజెంటేషన్ చేస్తున్నానన్నావు. టొయోటాలో షిగియో షింగో అనే ఆయన 1000 టన్నుల ప్రెస్ మీద నాలుగ్గంటలు పట్టే డై మార్పుని ముందు 90 నిమిషాలకి, తర్వాత 3 నిమిషాలకి తెచ్చారు, అది అందరూ స్లైడ్‌లో పెట్టేదే. నువ్వు స్లైడ్ వదిలేసి ఒక రోజు స్టూల్ వేసుకుని సెట్టర్ పక్కన కూర్చో. స్పానర్ కోసం ఎన్నిసార్లు నడిచాడు, క్లాంప్ కింద పెట్టే ప్యాకింగ్ ముక్కల కోసం ఎంతసేపు వెతికాడు, ఫోర్క్‌లిఫ్ట్ కోసం ఎంతసేపు నిలబడ్డాడు, రాసుకో. ప్రెస్ ఆగకముందే చేసిపెట్టుకోగల పనులన్నీ ముందే చేసిపెట్టండి, అన్ని డైలకీ షట్ హైట్ (మూసినప్పుడు డై ఎత్తు), క్లాంపింగ్ హైట్ (బిగించే చోటు ఎత్తు) ఒకటే చెయ్యండి. సగం టైమ్ అక్కడే దొరుకుతుంది, దానికి కొత్త మెషిన్ అక్కర్లేదు.

ఇక వేటి జోలికి వెళ్లొద్దో చెప్తా, ఎందుకంటే మీ మేనేజర్ ముందు వీటి మీదే పడతాడు. లూబ్రికెంట్ చవకది తెద్దామంటాడు, వద్దు. మిస్‌ఫీడ్ సెన్సర్ (స్ట్రిప్ సరిగా జరగకపోతే కనిపెట్టేది) ఊరికే ప్రెస్‌ని ఆపుతోంది పీకేద్దామంటాడు, అస్సలు వద్దు, అది ఆపిన ప్రతిసారీ ఎందుకు ఆపిందో చూసి ఫీడర్ సరిచెయ్యండి. పంచ్‌లు డీ2 అనే టూల్ స్టీల్ బదులు తక్కువ రకం స్టీల్‌తో చేయిద్దామంటే, లక్షల్లో నడిచే పార్టుకి ఒప్పుకోకు, వందల్లో నడిచేదైతే అసలు డై ఎందుకు, లేజర్‌లో కోయించి బెండ్ చేయించు.

రేపు షిఫ్ట్ మొదలవ్వగానే ఆ స్ట్రిప్ ముక్క ఫోటో పంపు, స్కేలు పక్కన పెట్టి, బర్ ఉన్న వైపు పైకి పెట్టి తియ్యి. ఒక పార్టు బరువు, ఆ పార్టుకి పడే పిచ్, స్ట్రిప్ వెడల్పు కూడా రాసి పంపు. ఆదివారం కూర్చుని లేఅవుట్ గీసి పంపిస్తా.

మీ మామయ్య