కారు లేకుండా లాస్ ఏంజెలెస్‌లో సినిమా కట్టడాలు: సమాధానం

ఒక్కటే రోజుంది, కారు లేదు, లాస్ ఏంజెలెస్‌లో సినిమాల్లో కనిపించే పాత కట్టడాలు చూడటం కుదురుతుందా అని అడిగారు కదా. కుదురుతుందండీ, టెన్షన్ పడకండి. డౌన్‌టౌన్‌లోనే తిరగండి, చాలు.

ఉదయం యూనియన్ స్టేషన్‌తో మొదలుపెట్టండి, అది 1939 నాటిది. అక్కణ్ణుంచి మెట్రోలో పెర్షింగ్ స్క్వేర్‌లో దిగితే బ్రాడ్‌బరీ బిల్డింగ్‌కి నడిచిపోవచ్చు. 1893లో కట్టిన ఈ బిల్డింగ్ బయటినుంచి మామూలు ఇటుక కట్టడంలా ఉంటుంది, చూసుకోకపోతే దాటేసి వెళ్లిపోతారు. లోపలికెళ్తే పైన గాజుకప్పు, దాంట్లోంచి కిందిదాకా దిగే వెలుతురు, లతలు అల్లుకున్నట్టుండే ఇనుప రెయిలింగులు, ఊచల బోనుల్లాంటి లిఫ్టులు. ‘బ్లేడ్ రన్నర్’ (1982) చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పై అంతస్తుల్లో ఆఫీసులున్నాయి కాబట్టి సందర్శకుల్ని మెట్ల మొదటి మలుపు దాకానే రానిస్తారు. నిరాశపడకండి, అక్కడ నిలబడి తల పైకెత్తి చూస్తే చాలు, నాకైతే ఊళ్లో అంత అందమైన చోటు ఇంకోటి లేదు.

ఎదురుగా ఉన్న మార్కెట్‌లోంచి అవతలికి నడిస్తే ఏంజెల్స్ ఫ్లైట్. 1901లో మొదలైన బుల్లి రైలు. ఒక పెట్టె కొండెక్కుతుంటే రెండోది దిగుతుంది. ‘లా లా ల్యాండ్’లో ఉన్నది ఇదే.

సాయంత్రం ఓపికుంటే గ్రిఫిత్ అబ్జర్వేటరీ (టెలిస్కోపులతో ఆకాశాన్ని చూసే కేంద్రం) కూడా చూడొచ్చు. సోమవారం మాత్రం మూసేస్తారు, మీ రోజు ఏదో చూసుకోండి.