గేమింగ్ పీసీకి ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ కావాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డుతో పీసీ అసెంబుల్ చేయించుకుంటున్నాను. క్యాబినెట్‌తో వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పెట్టె) చాలని ఒకరు, 850 లేకపోతే లాభం లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండూ వద్దు, 650 వాట్లది తీసుకోండి. లెక్క చూడండి. ఓవర్‌క్లాక్ చేయకపోతే, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపకపోతే, ఈ ప్రాసెసర్ 88 వాట్లు దాటదు. కార్డుకు 200. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఓ 60 వేసుకుంటే మొత్తం 350కి అటూ ఇటూ తేలుతుంది.

మరి 450 ఎందుకు చాలదు? ప్రాసెసర్‌కీ కార్డుకీ కరెంటు అందేది 12 వోల్టుల లైను నుంచి. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌లో +12వి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చవేయండి. అక్కడ 18 ఉంటే 216 వాట్లే. మిగతాది 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించి పైన 450 అని వేస్తారు. ఆ లైన్లతో మీ కార్డుకు పనే లేదు. నిఖార్సయిన 650లో 54 ఆంపియర్లు ఉంటాయి, అంటే 648 వాట్లు. షాపులో డబ్బా తెరిపించి మరీ ఈ లేబుల్ చదవండి, మొహమాటపడొద్దు.

ఇంకో సంగతి. ఆటలో సీను ఒక్కసారిగా మారినప్పుడు కార్డు రెప్పపాటులో వెయ్యో వంతు సేపు మామూలుకన్నా చాలా ఎక్కువ లాగుతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. స్క్రీన్ నల్లబడి పీసీ మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతుంది. విండోస్‌లో 'కెర్నల్ పవర్ 41' అని నమోదవుతుంది. అది పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. దాన్ని చూసి విండోస్ మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చోవద్దు. ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపుల్ని తట్టుకునేలా పెట్టిందే. అందుకని 3.0 గానీ 3.1 గానీ ఉన్నదే అడగండి.

ఈ కార్డు చిప్ కంపెనీ ఎన్విడియా చెప్పేది కూడా 650 వాట్లే. '80 ప్లస్ గోల్డ్' ముద్ర ఉంటే మంచిదే గానీ, అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేది, లోపలి రక్షణల సంగతి చెప్పదు. అందుకే ఐదేళ్లకు తక్కువ వారంటీ ఉన్నదాని జోలికి పోవద్దు. ఎలక్ట్రానిక్స్ షాపులుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొన్నా సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు రాయించుకోండి. మీ ఊళ్లో వేసవి రాత్రుళ్లు వోల్టేజి పడిపోతుంటే ఇన్‌పుట్ 200–240 వోల్టులు అని ఉన్నది కాకుండా 100–240 ఉన్నది చూసుకోండి. 850 పెట్టినంత మాత్రాన కరెంటు బిల్లేమీ పెరగదు, కానీ ఆ తేడా డబ్బు ర్యామ్ మీద పెడితే ఉపయోగం. ఆర్‌టీఎక్స్ 5070 టీఐకి మారే ఆలోచన ఉంటే మాత్రం 750 తీసుకోండి.

ప్రశ్న: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందా?
– ఒక పాఠకురాలు, తుమ్మలపెంట, కావలి మండలం

జవాబు: చాలావరకు తప్పు దానిది కాదమ్మా, ఎర్తింగ్‌ది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు నిలుస్తాయి. ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయొద్దు. రేపు లోపల నిజంగా షార్ట్ అయితే ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. అలా ఉండగా టీవీకి హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే పోర్టు కాలిపోయే అవకాశమూ ఉంది.

మొదట ప్లగ్గు దగ్గర టూపిన్ కన్వర్టర్ ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు ఒకే వోల్టేజి రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. సముద్రం పక్క ఉప్పునేలలో ఎర్త్ పైపూ, దాని క్లాంపూ తుప్పు పట్టి తెగిపోతుంటాయి, ముందు అక్కడ చూడమనండి. ఒక్క జాగ్రత్త: సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపి 'సరిపోయింది' అంటే ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే 230 వోల్టులు నేరుగా మీ క్యాబినెట్‌కు వస్తాయి.

ప్రశ్న: 600 వీఏ యూపీఎస్ ఉంది. మామూలు పనిలో కరెంటు పోతే పీసీ ఆగదు, గేమ్ ఆడుతుంటే ఆగిపోతుంది. ఐ5 12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3060 వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అంటే చాలా మోడళ్లలో 360 వాట్లే. మీ ప్రాసెసర్ గరిష్ఠంగా 117, కార్డు 170, మిగతా భాగాలకు 50, మానిటర్‌కు 30 వేసుకుంటే 367. గేమ్‌లో ఇవన్నీ ఒకేసారి గరిష్ఠానికి పోకపోయినా, హద్దు మీద నడుస్తున్న యూపీఎస్ బ్యాటరీకి మారగానే చేతులెత్తేస్తుంది. వీఏ చూడకుండా వాట్లు చూసి 600 వాట్లది కొనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ 'యూపీఎస్' వైపు ఉందో లేదో చూడండి. రెండో మోడ్‌లో మారడానికి పట్టే సమయం పీసీ ఓర్చుకోలేదు.

ప్రశ్న: కొత్త మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్‌కు పాత దాని కేబుళ్లు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వద్దు. మదర్‌బోర్డు, డిస్కు వైపు పిన్నుల వరస అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఎవరిది వారిదే. ప్లగ్గు చక్కగా పట్టినా 5 వోల్టులు రావలసిన చోట 12 రావచ్చు, హార్డ్‌డిస్కు అక్కడికక్కడే పోతుంది. మీకు గ్రానైట్ దుమ్ము బెడద కూడా ఉంటుంది కాబట్టి క్యాబినెట్ కింద ఉండే దుమ్ము ఫిల్టర్ తరచూ తీసి కడిగి, బాగా ఆరాక పెట్టండి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు.