మిలిటరీ బ్యాండ్‌కి చెవి ఒక్కటే చాలదు

ప్రశ్న: మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు, ఇంటర్ పూర్తయింది. చర్చిలోనూ పెళ్లి బ్యాండ్లలోనూ ట్రంపెట్ వాయిస్తాడు. ఏ పాటైనా రెండుసార్లు వింటే పట్టేస్తాడు గానీ నొటేషన్ రాదు. జనవరి 29న విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ టీవీలో చూసినప్పటి నుంచి మిలిటరీ బ్యాండ్‌లో చేరతానంటున్నాడు. అది నిజంగా ఉద్యోగమేనా? ఎలా తయారవ్వాలి?

జవాబు: ఉద్యోగమే, మంచి ఉద్యోగం కూడా. కాకపోతే బ్యాండ్‌లో ఉన్నవాళ్లు ముందు సైనికులు. ఆర్మీ బ్యాండ్ వాళ్లు యుద్ధ సమయంలో గాయపడినవారిని మోసుకొచ్చే పని చేస్తారు. కాబట్టి వైద్య పరీక్ష, పరుగు ఎవరికీ తప్పవు. వాయుసేన మ్యుజీషియన్ ఎంపికలో అబ్బాయిలు 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి.

వాయుసేన, నౌకాదళం అగ్నివీర్ మ్యుజీషియన్ పోస్టులకు విడిగా నోటిఫికేషన్లు ఇస్తాయి. పదో తరగతి పాసైతే చాలు. వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి మధ్య ఉండాలి. ఏ తేదీల మధ్య పుట్టి ఉండాలో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఈ సర్వీసు నాలుగేళ్లే, ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్‌గా తీసుకుంటారు. ఈ సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే దరఖాస్తు పెట్టించండి. ఆర్మీ బ్యాండ్ల వాళ్లకు సంగీత శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంటుంది. అక్కడి మిలిటరీ మ్యూజిక్ వింగ్ 1950లో మొదలైంది.

ఇక ట్రంపెట్ సంగతి. పరీక్షలో తెలియని స్వరం వినిపించి, దాన్ని వాద్యం మీదో గొంతుతోనో పట్టుకోమంటారు. బి ఫ్లాట్ ట్రంపెట్ మీద 'సి' వాయిస్తే కీబోర్డు మీద బి ఫ్లాట్ మోగుతుంది. ఈ తేడా అర్థం కాకపోతే చెవి ఎంత మంచిదైనా తడబడతాడు. కీబోర్డు స్వరానికి ఒక పూర్తి స్వరం (రెండు సెమీటోన్లు) పైన వేలు పెట్టడం రోజూ సాధన చేయించండి. శ్రుతి చేయడం కూడా చూస్తారు. చలిలో వాద్యం శ్రుతి దిగుతుంది, కాబట్టి ముందు కొన్ని నిమిషాలు వెచ్చటి ఊపిరి ఊది, ఆ తర్వాతే ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి కోసం లోపలికీ బయటికీ జరిపే గొట్టం) ముట్టుకోవాలి. చల్లటి వాద్యాన్ని స్లైడ్ లోపలికి నెట్టి శ్రుతి చేస్తే వేడెక్కాక స్వరం పైకి పోతుంది. ఒకటి, మూడు వాల్వులు కలిపి నొక్కే కింది 'డి', మూడూ కలిపి నొక్కే 'సి షార్ప్' ఎప్పుడూ కాస్త హెచ్చుగానే పలుకుతాయి. అక్కడ మూడో వాల్వు స్లైడ్‌ని వేలితో బయటికి జరపాలి. విని వాయించేవాళ్లు చాలామంది ఈ పని చేయరు.

స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, ఈ రోజే మొదలుపెట్టాలి. తెలిసిన కీర్తనలతో కాదు, తెలియనివాటితో. తెలిసినదైతే కళ్లు కాగితం మీదున్నా చెవే వాయించేస్తుంది. పెళ్లి బ్యాండ్‌లో గమకం వేస్తే మెచ్చుకుంటారు. ఇక్కడ రెండో ట్రంపెట్ వాడు సొంతంగా ఒక్క స్వరం చేర్చినా వరసంతా చెదురుతుంది. ఇది సంప్రదాయం నుంచి వచ్చిన పట్టింపు. సాయంత్రం బ్యూగిల్ మోగితే సైన్యాలు పోరు ఆపి శిబిరాలకు మళ్లేవి, రిట్రీట్ అంటే అదే. బ్యూగిల్‌కి వాల్వులుండవు. పెదవి బిగింపుతో పలికే అయిదారు స్వరాలతోనే ఆజ్ఞలన్నీ వినిపించాలి. ఒక స్వరం మారితే ఆజ్ఞ మారిపోతుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది నడుస్తూ వాయించడం. మామూలు క్విక్ మార్చ్ నిమిషానికి 120 అడుగులు. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 120లో పెట్టి, వాద్యం లేకుండా కదంతాల్, అంటే నిలబడ్డచోటే అడుగులు, వేయించండి. మొదటి దెబ్బకి ఎడమ కాలు పడాలి. అది కుదిరాక నడుస్తూ ఒకే స్వరాన్ని ఎనిమిది అడుగుల దాకా లాగాలి. ఆ తర్వాతే స్కేళ్లు. అడుగు దబ్బున వేస్తే మౌత్‌పీస్ పళ్లకు కొట్టుకుని పెదవి చిట్లుతుంది, స్వరం వణుకుతుంది. మడమ ముందు ఆనించి పాదాన్ని మెల్లగా దొర్లిస్తే నడుం పైభాగం కదలదు. పెదవి మొద్దుబారిందంటే ఆ పూటకి ఆపేయాలి. నొప్పి మీద సాధన చేస్తే వారం పోతుంది.

రోజుకు గంటన్నర చొప్పున ఆరు నెలలు పెట్టుకోండి, అందులో అరగంట కాగితం చదవడానికే. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే వెంటనే చేర్పించండి, డ్రిల్లు అక్కడే వచ్చేస్తుంది.